ఫ్రేములోకి రైతు కూడా రావాలి

అందరికీ నమస్కారం. పొద్దున్నుంచి ముందు వరుస పిల్లలు నన్ను ఒకటే అడుగుతున్నారు, అడవి జంతువుల ఫోటోలకు ఏ లెన్స్ కొనాలి సార్ అని. అది చాయ్ దగ్గర మాట్లాడుకుందాం. ముందు నా పరువు పోయిన కథ చెప్తాను.

మన పాలమూరులో కెమెరా కొన్న ప్రతివాడూ మక్తల్, మాగనూరు, కృష్ణా మండలాల వైపు పోతాడు. కృష్ణజింకల కోసం. నేనూ పోయాను. పచ్చటి చేనులో మగజింక గాల్లోకి ఎగిరిన ఫోటో దొరికింది, లైకులే లైకులు. గట్టు మీదున్న రైతుకు ఫోన్‌లో చూపించాను. ఆయన తేరిపార చూసి, "మంచిగున్నది సారూ. దాని కాళ్ల కింద ఉన్నది నా పత్తి" అన్నాడు.

మొలకలు మేసిపోతే ఆయన మళ్లీ విత్తనాలు కొనాలి. జింక మీద చెయ్యి వేస్తే 1972 వన్యప్రాణి చట్టం కింద కేసు. నా ఫోటోలో మాత్రం జింక ఉంది, ఆయన లేడు. అట్లాంటి ఫోటో చూసి పట్నంలో వాళ్లు "అబ్బ" అంటారు, ఊళ్లో వాళ్లకు మండుతుంది. జింక బతకాల్సింది ఆ ఊళ్లోనే కదా!

గుజరాత్ తీరంలో తిమింగల సొరచేపలను వేటాడుతుంటే వన్యప్రాణుల డాక్యుమెంటరీలు తీసే మైక్ పాండే 2000లో సినిమా తీశారు. నీళ్లలో ఈదే చేప అందం ఒక్కటే చూపించలేదు, ఒడ్డున దాన్ని కోస్తున్న చోట కూడా కెమెరా పెట్టారు. 2001లో ఆ చేపకు చట్టరక్షణ వచ్చింది.

అసలు అడవికి ఎక్కువ పనికొచ్చే ఫోటోలు అందంగా ఉండవు. నల్లమలలోని అమ్రాబాద్ పులుల అభయారణ్యం 2,611 చదరపు కిలోమీటర్లు. అక్కడ పులి నడిచే బాటకు ఆ పక్కొకటి, ఈ పక్కొకటి, జంతువు ముందుకొస్తే దానంతటదే ఫోటో తీసే కెమెరా కడతారు. ఎందుకంటే పులి ఎడమ పక్క చారలు కుడి పక్కలాగా ఉండవు. రెండు పక్కలూ పడితేనే ఇది ఫలానా పులి అని గట్టిగా చెప్పగలం. 2018 లెక్కింపులో దేశమంతా 26,838 చోట్ల ఇట్లా కడితే దాదాపు 3.48 కోట్ల ఫోటోలు వచ్చాయి. వాటిలో తల తెగినవి, తోక ఒక్కటే పడినవి ఎన్నో! ఏ బాటలో కట్టాలో తెలియాలంటే మాత్రం నల్లమలలో చెంచులను అడగాల్సిందే. మన లెన్స్ ఎంత పెద్దదైనా ఆ కన్ను రాదు.

ఇంకో తప్పు కూడా ఒప్పుకుంటాను. ఒక గుట్ట రాళ్ల సందులో గుడ్లగూబ పిల్లల ఫోటో తీసి, గుట్ట పేరుతో సహా ఫేస్‌బుక్‌లో పెట్టాను. ఆ ఆదివారానికే పది బైకులు వచ్చాయి, ఫ్లాష్‌లు కొట్టారు. మళ్లీ వారం నేను పోతే గూడు ఖాళీ. క్షుద్రపూజల పేరుతో గుడ్లగూబలను పట్టేవాళ్లూ ఫేస్‌బుక్ చూస్తారని నాకు అప్పుడే వెలిగింది. అందుకే ఇప్పుడే అందరూ ఫోన్లు తీయండి, కెమెరాలో లొకేషన్ ఆపేయండి. ఆగుతాను.

అయిందా? రేపు పొద్దున ఐదింటికి బస్సు. ముందు జింకల దగ్గరికి కాదు, ఆ రైతు ఇంటికి పోతున్నాం. చేను చూపిస్తానన్నాడు. ఈసారి ఆయన ఎక్కడ నిలబడమంటే అక్కడే ట్రైపాడ్ పెడదాం.