ముందు వయసు చూసుకోండి, తర్వాత డబ్బు

నిమ్మలకుంట, ధర్మవరం, చుట్టుపక్కల ఊళ్ల నుంచి అనంతపురం దాకా వచ్చిన తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ నమస్కారం.

తోలుబొమ్మలు చేసి ఆడించే మనలాంటివాళ్లకు వచ్చే సర్కారు డబ్బంతా ఒక రకం కాదు. పనిముట్లకిచ్చేది వేరు, అప్పు వేరు, నేర్చుకునే రోజులకిచ్చే భృతి వేరు. మీ వయసు వాళ్లు ముందు చూడాల్సింది మూడోదే. అది వయసు దాటితే రాదు.

కేంద్ర సాంస్కృతిక శాఖ యువ కళాకారుల ఉపకారవేతనం 18 నుంచి 25 ఏళ్ల వాళ్లకు. నెలకు 5,000 రూపాయల లెక్కన రెండేళ్లు; అయితే చేతికొచ్చేది ఆరు నెలలకోసారి. ఈ లోపు ఇల్లు గడిచే దారి చూసుకోవాలి. ఈ వేతనం దొరికే కళల జాబితాలో బొమ్మలాట ఉంది. కనీసం ఐదేళ్ల శిక్షణ చూపాలి. మనవాళ్లు తడబడేది ఇక్కడే. ఇంట్లో నేర్చుకున్నది చదువు కాదనుకుని ‘వంశపారంపర్యం’ అని ఒక్క ముక్క రాసి వదిలేస్తారు. తోలు శుభ్రం చేయడం, గీత గీయడం, ఉలితో చిల్లులు కొట్టడం, రంగు వేయడం, ఆడించడం: ఏ ఏడాది ఏది పట్టుబడిందో వరసగా రాయండి.

25 దాటినవాళ్లకు 40 వరకూ అదే శాఖ జూనియర్ ఫెలోషిప్ ఉంది, రెండేళ్ల పాటు నెలకు 10,000. దీనికి ‘బొమ్మలు చేస్తాను’ అంటే చాలదు, పరిశోధన ఉండాలి. ‘పాత రావణుడి బొమ్మల కిరీటాల్లో చిల్లుల నమూనాలు నమోదు చేసి, వాటితో ఆరు బొమ్మలు మళ్లీ చేస్తాను’ అంటే పని కళ్లకు కడుతుంది. ఖర్చులో మేకతోళ్లు, రంగులు, ప్రయాణంతో పాటు ఎన్ని పనిదినాలు పడుతుందో కూడా వేయండి. నిలువెత్తు బొమ్మకు ఒక తోలు సరిపోదని ఢిల్లీలో కూర్చున్నవాళ్లకు మనం చెబితేనే తెలుస్తుంది.

దరఖాస్తు కోసం తోలుబొమ్మను ముందు నుంచి ఫ్లాష్ కొట్టి ఫొటో తీస్తే ముదురు అట్టముక్కలా పడుతుంది. తెల్లగుడ్డ వెనక దీపం పెట్టి ఒకటి, చిల్లుల పనితనం దగ్గర నుంచి ఒకటి తీయండి.

చేతివృత్తులవాళ్ల కోసం 2023 సెప్టెంబర్ 17న మొదలైన కేంద్ర పథకం పీఎం విశ్వకర్మలో 18 వృత్తులున్నాయి. సంప్రదాయ బొమ్మల తయారీ ఉంది, చేనేత లేదు. ధర్మవరం మగ్గాలవాళ్లు ఆ వరసలో నిలబడి పొద్దు పోగొట్టుకోవద్దు. పనిముట్లకు 15,000 వోచర్, శిక్షణ రోజులకు 500 చొప్పున, ఆపైన 5 శాతం వడ్డీకి లక్ష దాకా తొలి విడత అప్పు, 18 నెలల్లో తీర్చాలి. ఇంటికి ఒక్కరికే. భార్య, భర్త, పెళ్లికాని పిల్లలు ఒకే ఇల్లు కింద లెక్క. నాన్న పేరు ఎక్కిందంటే పెళ్లికాని కొడుక్కి దారి మూసుకున్నట్టే, కాబట్టి ఎవరి పేరన్నది ఇంట్లోనే తేల్చుకోండి.

ఇక కాగితాలు. 2022 ఏప్రిల్‌లో ధర్మవరం శ్రీ సత్యసాయి జిల్లాలోకి వెళ్లింది. ఒక కాగితంలో అనంతపురం, ఇంకోదాంట్లో సత్యసాయి అని ఉంటే ముందే సరిచేయించుకోండి. ప్రగతి గ్రామీణ బ్యాంకు ఖాతా ఉన్నవాళ్లు, అది 2025 మే 1న ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకులో కలిసింది, ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్ మళ్లీ అడిగి రాసుకోండి. ఆధార్‌లో ఇంటిపేరు పొట్టిగా, పాస్‌బుక్కులో పూర్తిగా ఉన్నా మంజూరైన డబ్బు దారిలో ఆగిపోవచ్చు.