గ్లాస్, మెటల్ టైల్స్ కొంటున్నారా? ముందు వెనక్కి తిప్పి చూడండి

అందరికీ నమస్కారం. వంటగదిలో ప్లాట్‌ఫాం వెనక గోడకి వేసే డాడోకో, పూజగది వెనక గోడకో, బాత్రూంలో ఒక పట్టీకో గ్లాస్ టైల్స్, మెటల్ టైల్స్ వేయిద్దాం అనుకుంటున్న వాళ్ల కోసం ఈ వీడియో. షోరూంలో లైట్ల కింద ఇవి ధగధగా మెరుస్తుంటాయి. ఆ మెరుపు చూసే చాలామంది బిల్లు రాయించేస్తారు. మేం చెప్పేది ఒక్కటే. టైల్ చేతిలోకి రాగానే వెనక్కి తిప్పండి. గాజుదైనా లోహానిదైనా, అది గోడ మీద ఎన్నాళ్లుంటుందో దాని వీపు చూస్తేనే తెలుస్తుంది.

ముందు గాజు సంగతి. ఇదిగో, ఈ రెండు ముక్కలు చూడండి. ఎదురుగా చూస్తే రెండూ ఒకే నెమలికంఠం రంగు. ఇప్పుడు అంచు చూడండి. మొదటిదాంట్లో రంగు పైనుంచి కింది దాకా గాజులోనే ఉంది. రెండోది మామూలు తెల్లగాజు, వెనక మాత్రం పల్చటి పెయింట్ పొర. ఆ పొరని మూల దగ్గర రూపాయి బిళ్ల అంచుతో గీకితే, చూడండి, పొట్టులా లేచి వచ్చేసింది. దీన్ని సిమెంట్ కలిసిన అడెసివ్, అంటే టైల్ జిగురు మీద అంటిస్తే పట్టుకునేది గాజుని కాదు, ఈ పెయింట్‌ని. సిమెంట్‌లోని క్షారం, టైల్స్ మధ్య గ్రౌట్ నింపిన సందుల్లోంచి దిగే తడి రెండూ కలిసి పెయింట్‌ని ఊడగొడతాయి. అప్పుడు టైల్ వెనక మరకలు మరకలుగా నల్లబడటం, ఆ తర్వాత టైలే ఊడి చేతికి రావడం. అందుకే శాంపిల్ అడిగి తెచ్చుకుని, రెండు రోజులు నీళ్లలో నానబెట్టి, అప్పుడు గీకి చూడండి. రంగు లేస్తే షవర్ దగ్గర, సింకు వెనక అసలు వద్దు. హాల్లో టీవీ గోడ లాంటి పొడిచోట వాడుకోవచ్చు.

ఇంకో చిన్న పరీక్ష. టైల్‌ని న్యూస్‌పేపర్ మీద పెట్టండి. అక్షరాల నీడ కనబడుతోందా? అయితే బూడిదరంగు అడెసివ్ వాడితే రంగు చచ్చిపోతుంది. అడెసివ్ పరిచే పళ్ల తాపీ గీతలు కూడా టైల్‌లోంచి చారల్లా కనిపిస్తాయి. తెల్ల అడెసివే తేవాలి. పాలిమర్ కలిసినదై ఉండాలి, సంచి మీద గ్లాస్ మొజాయిక్‌కి, అంటే షీట్‌గా కలిపి వచ్చే చిన్న గాజు ముక్కలకి పనికొస్తుందని రాసి ఉండాలి. మన దేశంలో టైల్ అడెసివ్‌కి ఉన్న ప్రమాణం ఐఎస్ 15477. ఆ నంబర్ సంచి మీద ఉందేమో చూసుకోండి.

మొజాయిక్ షీట్ల వెనక ముక్కల్ని కలిపి పట్టి ఉంచే వల, అదే మెష్, కూడా చూడాలి. షీట్‌ని ఒక అంచు పట్టుకుని వేలాడదీసి కొద్దిగా విదిలించండి. ముక్కలు రాలితే పక్కన పెట్టేయండి. రాలకపోయినా, వీపు మీద సగానికి పైగా జిగురే పరుచుకుని ఉంటే తడి గోడకి ఆ షీట్ పనికిరాదు. అడెసివ్‌కి పట్టుకోడానికి గాజు దొరకదు కదా. ముందువైపు కాగితం అంటించి వచ్చే షీట్లలో వీపంతా ఖాళీగా ఉంటుంది, పట్టు బాగుంటుంది. మేస్త్రికి పని ఎక్కువైనా బాత్రూంకి మేం అవే తీసుకోమంటాం.

ఇక మెటల్. వీపు చూస్తే ఇవి మూడు రకాలని తెలుస్తుంది. పూర్తిగా స్టీల్ ముక్కలు ఒకటి. సిరామిక్ ముక్క మీద పల్చటి స్టీల్ రేకు తొడిగినవి రెండోది. స్టిక్కర్‌లా అంటించే అల్యూమినియం షీట్లు మూడోది. ఈ మూడోవి పొయ్యి వెనక వద్దే వద్దు. వేడికి జిగురు మెత్తబడుతుంది. మధ్యలో ప్లాస్టిక్ పొర ఉన్నవైతే కరిగి అంటుకునే ప్రమాదం కూడా ఉంది. రేకు తొడిగినవాటికి అంచులు చూడండి. రేకు మడత పక్కకి పూర్తిగా దిగి ఉండాలి. మడత దగ్గర నెర్రె ఉంటే తడి అక్కణ్నుంచే లోపలికి పోతుంది.

స్టీల్ గ్రేడ్ సంగతి. అయస్కాంతం అంటుకోలేదు కాబట్టి మంచి స్టీలే అని షాపుల్లో చూపిస్తుంటారు. ఆ పరీక్ష సరిపోదు. 304 గ్రేడ్ స్టీల్‌కీ అయస్కాంతం అంటుకోదు, నికెల్ తగ్గించి మాంగనీస్ పెంచిన 202 గ్రేడ్‌కీ అంటుకోదు. 202కి తుప్పు తట్టుకునే శక్తి తక్కువ. గ్రేడ్ ఎంతో బిల్లు మీద రాయించుకోండి, అదే మీకు ఆధారం. విశాఖ, కాకినాడ లాంటి చోట్ల సముద్రానికి దగ్గరగా ఇల్లుంటే ఉప్పుగాలికి 304 మీద కూడా టీ మరకల్లాంటి గోధుమరంగు మచ్చలు వస్తాయి. అక్కడ 316 దొరికితే అది తీసుకోండి, లేదంటే గాజుతోనే సరిపెట్టుకోండి.

ఫినిష్‌లో అద్దంలా మెరిసేది మన వంటకి సరిపడదు. పోపు వేసిన ప్రతిసారీ నూనె చుక్కలు, ప్రతి వేలిముద్రా కనిపిస్తాయి. సన్నటి గీతలుండే హెయిర్‌లైన్ ఫినిష్ నయం. దాన్ని తుడవాలన్నా గీతల వెంబడే తుడవాలి. గోడకి అంటించేటప్పుడు గీతలన్నీ ఒకే దిక్కున ఉండాలి. ఒక్క ముక్క అడ్డం తిరిగినా, వెలుగు పడగానే అది వేరే రంగు టైల్‌లా కొట్టొచ్చినట్టు కనబడుతుంది. రాగి, ఇత్తడి టైల్స్ అయితే పైన లక్క పూత ఉందో లేదో అడగండి. పూత ఉంటే చింతపండు, పాలిష్ పొడి ముట్టించకూడదు. పూత లేకపోతే నల్లబడటం ఖాయం, ఇంట్లో ఇత్తడి సామాను తోమినట్టే తోముకోవాలి.

ఎంత కొనాలి? 10 అడుగుల ప్లాట్‌ఫాం, పైన అల్మారా దాకా 2 అడుగుల ఎత్తు అనుకుందాం. 20 చదరపు అడుగులు. 30 సెంటీమీటర్ల షీట్ ఒకటి 0.97 చదరపు అడుగు వస్తుంది. అంటే 21 షీట్లు, కోతలకి 10 శాతం కలిపితే 23. స్విచ్‌బోర్డులు ఎక్కువుంటే 24. అన్ని డబ్బాల మీదా బ్యాచ్ నంబర్ ఒకటే ఉండాలి. గాజు రంగు బ్యాచ్‌కీ బ్యాచ్‌కీ మారుతుంది. 20 కిలోల అడెసివ్ సంచి 3 మిల్లీమీటర్ల మందంతో 45 నుంచి 50 చదరపు అడుగులకి వస్తుంది, కాబట్టి ఒక్కటి చాలు.

అందరూ తప్పు లెక్క వేసేది గ్రౌట్ దగ్గర. అడుగు వెడల్పు, రెండు అడుగుల పొడవుండే మామూలు టైల్‌కి, 8 మిల్లీమీటర్ల మందం, 2 మిల్లీమీటర్ల సందు అయితే చదరపు మీటర్‌కి 130 గ్రాముల గ్రౌట్ పడుతుంది. అదే మందం, అదే సందుతో అంగుళం ముక్కల మొజాయిక్‌కి 2 కిలోలు. దాదాపు 16 రెట్లు! మన 20 చదరపు అడుగులకి 4 కిలోలకి దగ్గరగా పోతుంది. కిలో డబ్బా తెచ్చుకుంటే పని మధ్యలో ఆగిపోతుంది. 5 కిలోలు ఒకేసారి, ఒకే షేడ్‌లో తెచ్చుకోండి. వంటగదిలో రెసిన్‌తో చేసే ఎపాక్సీ గ్రౌట్ అయితేనే పసుపు మరక లోపలికి దిగదు. ఇసుక కలిసిన గ్రౌట్ మాత్రం వద్దు, గాజునీ స్టీల్‌నీ గీతలు పెడుతుంది.

అంటించే ముందు గోడ మీద 6 అడుగుల అల్యూమినియం పట్టీ ఆనించి చూడండి. కింద వెలుతురు కనబడితే ముందు ప్లాస్టరింగ్ సరిచేయాలి. పెద్ద టైల్ చిన్న ఎత్తుపల్లాలని దాచేస్తుంది, మొజాయిక్ దాచదు. పైన అల్మారా కింద ఎల్ఈడీ లైట్ వేస్తే గోడ గతుకులన్నీ నీడలై కనిపిస్తాయి. పళ్ల తాపీతో అడెసివ్ లాగాక, దాని చదును వైపుతో గీతలు అణిచేసి, అప్పుడు షీట్ పెట్టాలి. 8 మిల్లీమీటర్ల గాజు షీట్ ఒక్కోటి ఒకటిన్నర కిలో పైనే బరువు. అడెసివ్ పల్చగా కలిపితే కిందికి జారుతుంది. షీట్‌లో ముక్కల మధ్య ఎంత సందు ఉందో షీట్‌కీ షీట్‌కీ మధ్య కూడా అంతే ఉండాలి. లేదంటే గోడంతా పెద్ద పెద్ద గళ్లు కనబడతాయి. గాజు నీళ్లు పీల్చదు, తడి సందుల్లోంచి మాత్రమే ఆరాలి. అందుకే టైల్ అంటించాక గ్రౌట్ నింపడానికి 24 గంటలు సరిపోదు, 48 నుంచి 72 గంటలు ఆగండి.

పని జరిగేటప్పుడు మీరు దగ్గరుండి ఆపాల్సినవి మూడున్నాయి. అంటించిన గాజు పక్కన గ్రైండర్‌తో ఇనుము కోయనివ్వకండి. ఆ నిప్పురవ్వలు గాజులోకి దిగి చుక్కలు చుక్కలుగా ఉండిపోతాయి, ఎంత తుడిచినా పోవు. కోతలన్నీ బయట బాల్కనీలో చేయించండి. రెండోది స్విచ్‌బోర్డ్. మెటల్ టైల్ అంచు కత్తిలా ఉంటుంది, వైర్ తొడుగుని కోసేస్తుంది. కోసిన అంచుని ఆకురాయితో నునుపు చేయించి, వైర్‌కి తగలకుండా ఎలక్ట్రీషియన్ చేత సరిచూపించండి. ఇంటికి ఎర్తింగ్ ఉందో లేదో, కరెంట్ లీకైతే సరఫరా ఆపేసే 30 మిల్లీఆంప్స్ ఆర్‌సీసీబీ స్విచ్ పనిచేస్తోందో లేదో అప్పుడే చూపించేయండి. ఇది అందం కోసం కాదండీ, ప్రాణం సంగతి.

మూడోది యాసిడ్. పని అయ్యాక సిమెంట్ మరకలు పోవాలని నేల కడిగే యాసిడ్ కొట్టడం మన దగ్గర అలవాటు. మెటల్ టైల్స్ ఉన్న గదిలో ఆ సీసా మూత కూడా తెరవకూడదు. అది హైడ్రోక్లోరిక్ యాసిడ్. దాని ఆవిరి తగిలినా స్టీల్ మీద తుప్పు చుక్కలు లేస్తాయి. బ్లీచింగ్ పౌడర్ కూడా అలాంటిదే. తడిగుడ్డ, కొద్దిగా గిన్నెలు తోమే లిక్విడ్, చివర్లో పొడిగుడ్డ చాలు. బోరు నీళ్లున్న ఇళ్లలో ఆ పొడిగుడ్డ మానకండి, గాజు మీద తెల్లటి ఉప్పు చారలు కట్టేది నీళ్లు ఆరినప్పుడే.

ప్లాట్‌ఫాంకీ డాడోకీ మధ్య మూలలో గ్రౌట్ వద్దు, సిలికాన్ వేయించండి. గ్రౌట్ అక్కడ పగులుతుంది. సిలికాన్‌లో వెనిగర్ వాసన వచ్చే రకం రాగినీ ఇత్తడినీ తినేస్తుంది, ట్యూబ్ మీద న్యూట్రల్ అని ఉన్నదే తేవాలి.

మిగిలిన రెండు షీట్లు పారేయకండి. బ్యాచ్ నంబర్ ఉన్న డబ్బా ముక్కతో సహా అటక మీద పెట్టండి. రేపు ఏ ప్లంబరో కొళాయి మార్చడానికి గోడ కొట్టాల్సి వస్తే, అదే రంగు గాజు మళ్లీ మీకు దొరికేది ఆ అటక మీదే.