బాండీకి మూడడుగుల దూరంలో

శ్రోతలకు నమస్కారం. పొద్దున్నే టిఫిన్ సెంటర్ ముందు నిలబడి "రెండు ప్లేట్లు పూరీ, కాస్త త్వరగా" అంటాం. ఆ తొందరంతా లోపల వంటగదిలో పనిచేసేవాళ్ల మీద పడుతుంది.

వయసులో ఉన్నప్పుడు నేనూ ఒక హోటల్లో రెండేళ్లు పనిచేశాను. అక్కడ అంట్లు తోమే తొట్టి పూరీల బాండీకి మూడడుగుల దూరంలో ఉండేది. నేల ఎప్పుడూ తడే, పైగా నూనె జిడ్డు. ఒకరోజు నా తోటి పనివాడు ప్లేట్ల దొంతరతో వస్తూ జారాడు. కాళ్లకు అరిగిపోయిన హవాయి చెప్పులు. పడిపోతూ ఆసరాకి చేయి చాపితే బాండీ చెవి దొరికింది. నూనె మోచేతి దాకా ఒలికింది. ఎవరో పరుగున పసుపు తెచ్చి పూశారు.

పసుపు, టూత్‌పేస్టు, ఐసు ఏవీ వద్దు. ఉంగరం, గడియారం వెంటనే తీసేసి, కాలిన చోటును 20 నిమిషాలు కుళాయి ధార కింద పెట్టాలి. ఆ తర్వాత ఆసుపత్రికి.

కాలిన ఒంటికి నీళ్లు మందే. బాండీలో మంట అంటుకున్న నూనె మీద మాత్రం నీళ్లు పోయకండి. వేయించే నూనె 180 డిగ్రీల దగ్గర ఉంటుంది, మంట లేచాక ఇంకా ఎక్కువ. నీరు నూనెకన్నా బరువు కాబట్టి అడుగుకు దిగి, క్షణంలో ఆవిరై, సుమారు 1700 రెట్లు ఉబ్బుతుంది. మండే నూనెను పైకప్పు దాకా ఎగజిమ్ముతుంది. గ్యాస్ కట్టేసి, పెద్ద మూత పక్కనుంచి జరుపుతూ మూసేయండి. చల్లారేదాకా తెరవద్దు. ఆ మూత ఎప్పుడూ చేతికందేచోటే ఉండాలి.

పదిమంది, అంతకుమించి పనిచేసే హోటళ్లకు ఈఎస్ఐ, అంటే ఉద్యోగుల బీమా పథకం, వర్తిస్తుంది. నెల జీతం 21,000 రూపాయలు దాటనివాళ్లకు వైద్యం, పనికి రాలేని రోజులకు భృతి దొరుకుతాయి. పేరు నమోదైందో లేదో ఇవాళే అడగండి.

ఆరోజు హోటల్లో అందరూ "వాడే చూసుకోలేదు" అన్నారు. ఆ మాట నాకు ఇప్పటికీ మింగుడుపడదు. రోజుకు వందసార్లు ఆ తడిలో నడిచే మనిషి ప్రతిసారీ ఎలా చూసుకుంటాడు? తొట్టి అక్కడ ఉండకూడదు. వారం తర్వాత యజమాని దాన్ని పెరట్లోకి మార్పించాడు. రెండు బస్తాల సిమెంటు, ఒక పైపు ముక్క, మేస్త్రీకి ఒకరోజు కూలి అయింది.