పిల్లాడు నేల మీద నుంచి ఎలా లేస్తున్నాడు?

శ్రోతలకు నమస్కారం. మూడు నాలుగేళ్ల మగపిల్లాడు పరిగెత్తబోయి తరచూ పడిపోతుంటే, మెట్లెక్కడానికి గోడో కమ్మీయో పట్టుకుంటుంటే, ముని వేళ్ల మీద నడుస్తుంటే, ఇంట్లో పెద్దవాళ్లు "బద్ధకంలే, పెద్దయితే సర్దుకుంటుంది" అంటారు. పైగా పిక్కలు లావుగా ఉంటాయి కదా, గట్టివాడే అనుకుంటారు. కండ కరిగిన చోట కొవ్వు, పీచు చేరినా పిక్కలు అలాగే లావెక్కుతాయి.

అలాంటి పిల్లాణ్ని నేల మీద కూర్చోబెట్టి, లేవమని చూడండి. బోర్లా తిరిగి, చేతులు నేలకు ఆనించి, ఆ తర్వాత మోకాళ్ల మీద, తొడల మీద చేతులు వేసుకుంటూ, తన ఒంటినే నిచ్చెన చేసుకున్నట్టు లేస్తే, తుంటి, తొడ కండరాల్లో బలం తగ్గిందన్నమాట. డాక్టర్లు దీన్ని గోవర్స్ సైన్ అంటారు. ఏ మెషీనూ అక్కర్లేని పరీక్ష ఇది.

పిల్లల్లో ఇలా కనిపించే కండరాల జబ్బుల్లో ముఖ్యమైనది డుషెన్ మస్కులర్ డిస్ట్రఫీ. సుమారు 3,500 నుంచి 5,000 మంది మగశిశువుల్లో ఒకరికి వస్తుంది. కండర కణాల పొరను కాపాడే డిస్ట్రోఫిన్ అనే ప్రోటీన్ వీళ్లలో తయారు కాదు. పొర చిరిగి, కణంలోని ఎంజైములు రక్తంలోకి కారుతాయి. అందుకే మొదట చేయించాల్సింది సీపీకే అనే మామూలు రక్తపరీక్ష. ఈ జబ్బులో అది వేలల్లో ఉంటుంది.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. లివర్ పరీక్షలో చూసే ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ అనే ఎంజైములు లివర్‌లోనే కాదు, కండరాల్లోనూ ఉంటాయి. జ్వరానికి చేసిన పరీక్షలో అవి పెరిగాయని తెలిసి, లివర్ జబ్బనుకుని నెలల తరబడి తిరిగే కుటుంబాలున్నాయి. కామెర్లు లేకుండా అవి పెరిగి, నడకలో తేడా కూడా ఉంటే, సీపీకే చేయిద్దామా అని డాక్టరు గారిని అడగండి.

సీపీకే బాగా ఎక్కువుంటే తర్వాతిది జన్యుపరీక్ష. చాలామందికి రక్తంతోనే తేలిపోతుంది, కండ ముక్క తీయాల్సిన పని పడదు. లోపం, మగపిల్లాడికి తల్లి నుంచి వచ్చే ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుంది కాబట్టి తల్లికీ పరీక్ష చేస్తారు. దయచేసి ఆమెను నిందించకండి. సుమారు మూడో వంతు పిల్లల్లో ఆ మార్పు కొత్తగా వచ్చిందే. తల్లిలో లోపం ఉందో లేదో మరో కాన్పుకు ముందే తెలిస్తే జాగ్రత్త పడొచ్చు.

పూర్తిగా నయం చేసే మందు లేకపోయినా, స్టెరాయిడ్లు సమయానికి మొదలుపెడితే నడక ఇంకొన్నేళ్లు నిలుస్తుంది. గుండె, ఊపిరి పరీక్షలూ ముందు నుంచే చేయిస్తూ ఉండొచ్చు. హైదరాబాద్ నిమ్స్‌లో న్యూరాలజీ, మెడికల్ జెనెటిక్స్ విభాగాలు రెండూ ఉన్నాయి. ఎక్కడికి వెళ్లినా, పిల్లాడు నేల మీద నుంచి లేవడం, మెట్లెక్కడం ఫోన్‌లో వీడియో తీసి తీసుకెళ్లండి.