సంతకం కోసం ఆగిన రాత్రి
(నర్సింగ్ విద్యార్థినుల సభలో ఒక రిటైర్డ్ హెడ్ నర్సు ప్రసంగం)

వేదిక మీదున్న పెద్దలకు నమస్కారం. మే 12 నర్సుల రోజు కదా, సేవాభావం గురించి నాలుగు మాటలు చెప్పమని ప్రిన్సిపాల్ మేడమ్ పిలిచారు. రాసుకొచ్చాను కూడా. కానీ ఇంతమంది పిల్లల్ని చూశాక ఆ కాగితం తీయాలనిపించడం లేదు. నేను 1994 గురించి చెబుతాను.

వానాకాలం, రాత్రి డ్యూటీ. ఒక తల్లి తన కూతుర్ని ఆర్టీసీ బస్సులో తీసుకొచ్చింది. అమ్మాయికి ఇరవై రెండేళ్లు, మూడో నెల. నాలుగు రోజుల కింద కడుపు పోయిందట. చలిజ్వరం, పొత్తికడుపులో నొప్పి, బట్టల దగ్గర దుర్వాసన. చెయ్యి పట్టుకుంటే నాడి పరుగెడుతోంది. భర్త దుబాయ్‌లో ఉన్నాడు. అంతే, వార్డంతా ఆ మాట మీదే నిలబడింది. ఎవరిది? తీయించుకుందా? ఎవరు చేశారు? నేనూ అడిగాను. భర్త సంతకం లేకపోతే క్లీనింగ్, అంటే గర్భాశయంలో మిగిలింది తీసేయడం, చేయరని చెప్పి, ఊళ్లో ఉన్న మరిదికి కబురు పంపించారు. యాంటీబయాటిక్ ఇంజెక్షన్లు నా వెనక బీరువాలోనే ఉన్నాయి. మూడు అడుగుల దూరం.

మరిది తెల్లవారాక వచ్చాడు. అప్పటికే అమ్మాయి మాట తడబడుతోంది, మూత్రం ఆగిపోయింది. మధ్యాహ్నానికి పోయింది. ఆమెకు కడుపు దానంతటదే పోయిందో, తీయించుకుందో ఈ రోజుకీ నాకు తెలియదు. వైద్యానికి దాంతో పని లేదు. ఏ దారిన పోయినా లోపల ముక్క మిగిలి క్రిములు చేరితే, చేయాల్సిన పని ఒక్కటే.

ఆ పని ఏమిటో చెబుతాను, రాసుకోండి. కడుపు పోయాక లోపల క్రిములు చేరాయని అనుమానం రాగానే డాక్టర్‌ని పిలవండి. ఫోన్‌లో కాదు, మంచం దగ్గరికి రమ్మనండి. మొదటి గంటలోనే యాంటీబయాటిక్ నరంలోకి వెళ్లాలి. ఏ క్రిమో తేల్చే కల్చర్ పరీక్షకి రక్తం తీయండి, రిపోర్టు కోసం ఆగకండి. గర్భాశయంలో చేరే క్రిములు రకరకాలు కాబట్టి ఒక్క మందు సరిపోదు. ఆంపిసిలిన్, జెంటామైసిన్, వాటితో మెట్రోనిడజోల్ గానీ క్లిండామైసిన్ గానీ కలిపి ఇస్తారు. బీపీ పడిపోతుంటే సెలైన్. మూత్రం గంటగంటకూ కొలవాలి. నాటు పద్ధతిలో పుల్లా కర్రా పెట్టి ఉంటే టెటనస్ సంగతి మరవకండి.

ఇప్పుడు చెప్పేది చాలామంది తప్పు చేసే చోటు. 'మందులు పడుతున్నాయి, జ్వరం తగ్గాక క్లీన్ చేద్దాం' అంటారు. అలా కాదమ్మా. లోపల కుళ్లేది ఉన్నంతసేపూ మందు ఓడిపోతూనే ఉంటుంది. మందు మొదలుపెట్టి, మనిషిని కాస్త నిలబెట్టి, ఆలస్యం చేయకుండా గర్భాశయం ఖాళీ చేయాలి. పదునైన పరికరంతో గీకే పాత పద్ధతి కన్నా వాక్యూమ్ పద్ధతి మేలు. గర్భాశయానికి చిల్లు పడినా, పేగుకు దెబ్బ తగిలినా, కణజాలం కుళ్లి గ్యాస్ పడుతున్నా పెద్ద ఆపరేషన్ తప్పదు, ఒక్కోసారి గర్భసంచే తీసేయాల్సి వస్తుంది. అక్కడిదాకా రాకుండా చూసేది మొదటి గంటే. ఇంకోటి, జ్వరం లేదని ధైర్యపడకండి. బాగా ముదిరిన మనిషి ఒళ్లు చల్లబడుతుంది కూడా.

ఇదంతా మన పేద ఆస్పత్రుల గోడు అనుకోకండి. 2012 అక్టోబరులో ఐర్లాండ్‌లోని గాల్వేలో సవితా హలప్పనవర్ చనిపోయింది. మన పక్క కర్ణాటక కుటుంబం నుంచి వెళ్లిన దంత వైద్యురాలు, 31 ఏళ్లు, 17 వారాల గర్భం. కడుపు నిలవదని డాక్టర్లకు తెలిసిపోయింది. తీసేయమని ఆమె అడిగింది. శిశువు గుండె కొట్టుకుంటోంది కాబట్టి కుదరదన్నారు. ఈలోపు ఒళ్లంతా విషమెక్కింది. ఆమెను కాపాడుకునే అవకాశాలు 13 చేజారాయని అక్కడి విచారణే తేల్చింది. నాడి, టెంపరేచర్ చూడాల్సిన వేళకు చూడకపోవడం కూడా వాటిలో ఉంది. అది మన పని కదా! 2018లో ఆ దేశ ప్రజలు ఓటేసి, గర్భస్రావానికి అడ్డుగా ఉన్న అక్కడి రాజ్యాంగాన్ని మార్చారు. ఆమె మాత్రం తిరిగి రాలేదు.

మన దేశంలో గర్భస్రావానికి వీలిచ్చే చట్టం 1971 నుంచీ ఉంది. పద్దెనిమిదేళ్లు నిండిన స్త్రీకి ఆమె సంతకం ఒక్కటే చాలు. భర్తది అక్కర్లేదు, మరిదిది అసలే అక్కర్లేదు. ఆ రాత్రీ అక్కర్లేదు. అది నాకు చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. 2021 సవరణ ఆమె వివరాలు బయటపెట్టకూడదంది. పెళ్లి కానివాళ్లకూ చట్టంలో అదే హక్కు ఉందని 2022లో సుప్రీంకోర్టు చెప్పింది. ఇవన్నీ పరీక్షలో రాస్తారు, నాకు తెలుసు. మంచం పక్కన ఎవరైనా 'ఎవరిదమ్మా?' అని మొదలుపెట్టినప్పుడు గుర్తుకు రావాలి. మీరు అడగాల్సినవి వేరే ఉన్నాయి: ఎన్ని రోజులైంది, ఏ మాత్రలు వేసుకుంది, లోపల ఏమైనా పెట్టారా. ఇవి మందు కోసం అడిగే ప్రశ్నలు. ఆమె భయపడకుండా చెప్పేలా పక్కన కూర్చుని, గొంతు తగ్గించి అడగండి.

మేడమ్ టైమ్ చూపిస్తున్నారు. ఒక్కటి అడిగి కూర్చుంటాను. మూడో సంవత్సరం వాళ్లు, వార్డు పోస్టింగులో ఉన్నవాళ్లు, చెప్పండి. మీ గైనిక్ వార్డులో ఆ ఇంజెక్షన్లుండే బీరువా తాళం రాత్రి డ్యూటీలో ఎవరి దగ్గర ఉంటుంది? తెలిసినవాళ్లు చేతులెత్తండి.