వచ్చాడా, వచ్చిందా? వచ్చారు

నమస్తే అండీ. ఇవాళ ఒక నీళ్ళ సీసాతో మొదలుపెడతాను.

మాదాపూర్‌లో నేను పనిచేసిన పాత ఆఫీసులో నా పక్క సీట్లో ఒకరుండేవారు. పొద్దున తొమ్మిదిన్నరకి స్టీల్ సీసా నింపుకుని డెస్క్ మీద పెట్టుకునేవారు. సాయంత్రం ఆరైనా అది నిండుగానే ఉండేది. రెండుసార్లు యూరిన్ ఇన్‌ఫెక్షన్ వచ్చి సెలవు పెట్టాక ఒకరోజు నాతో చెప్పారు: "నీళ్ళు తాగితే వాష్‌రూమ్‌కి వెళ్ళాలి కదా. ఏ తలుపు తీసినా లోపలున్నవాళ్ళు తలెత్తి చూస్తారు. ఆ చూపు రోజుకి నాలుగుసార్లు నావల్ల కాదు."

తను నాన్-బైనరీ. మగ, ఆడ అని రెండు గడులిస్తే ఆ రెంట్లో ఏదీ తనది కాదని తెలిసిన మనిషి.

డెడ్‌లైన్లు, అప్రైజళ్ళు అందరికీ ఉండే ఒత్తిడే. తనకి దానిమీద ఇంకోటి. గేటు దగ్గర తనిఖీకి కర్టెన్ వెనక్కి వెళ్ళాలా, మామూలు లైన్లో నిలబడాలా? మార్చి 8న మహిళా దినోత్సవమని గులాబీ ఇస్తే తీసుకోవాలా? రాత్రి క్యాబ్ లిస్టులో ఎమ్ అని పడుతుందా, ఎఫ్ అని పడుతుందా? పని మొదలుకాకముందే సగం ఓపిక అయిపోయేది. అమెరికా పరిశోధకుడు ఇలాన్ మేయర్ 2003లో రాసిన వ్యాసంలో ఇలాంటి ఒత్తిడినే మైనారిటీ స్ట్రెస్ అన్నారు. ఎవరూ ఏమీ అనని రోజు కూడా, అంటారేమోనని కాచుక్కూర్చోవడమే మనిషిని అరగదీస్తుంది.

"అసలు నాన్-బైనరీ అనుకోవడమే మానసిక జబ్బు కదా" అంటారు కొందరు. కాదండీ. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించిన, 2022 జనవరి నుంచి అమల్లోకొచ్చిన జబ్బుల పట్టికలో, జెండర్ గుర్తింపుకి సంబంధించిన పద్దుని మానసిక రుగ్మతల అధ్యాయంలోంచి తీసేశారు.

చట్టం సంగతి? ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కుల కోసమని 2019లో పార్లమెంటు చేసిన చట్టంలో, మగ, ఆడ గడుల్లో ఇమడనివాళ్ళకి వాడే జెండర్‌క్వీర్ అన్న మాట కూడా రాశారు. ఉద్యోగంలో వివక్ష కూడదన్నారు, ప్రతి సంస్థలోనూ ఫిర్యాదులు చూసే అధికారి ఉండాలన్నారు. మా దగ్గర ఆ అధికారి ఎవరని తను అడిగితే హెచ్ఆర్ వాళ్ళు "కనుక్కుని చెప్తాం" అన్నారు. చెప్పలేదు.

కానీ తను ఎక్కువ బాధపడింది వీటికి కూడా కాదు. మన తెలుగుకి.

"వచ్చాను" అంటే మగో ఆడో తెలీదు. పక్కమనిషి గురించి మాట్లాడగానే మాత్రం వచ్చాడు, వచ్చింది అని క్రియే తేల్చేస్తుంది. ఇంగ్లీష్ మెయిల్లో హీ, షీ అనకుండా జాగ్రత్తగా 'దే' (they) అని రాసినవాళ్ళే టీ దగ్గర తెలుగులోకి దిగేసరికి తడబడేవారు. ఒకాయన "వచ్చాడు... వచ్చింది... ఏదో ఒకటిలే" అన్నాడు. అందరూ నవ్వారు. తనూ నవ్వారు. ఆ మధ్యాహ్నం తన టిఫిన్ బాక్స్ మూత తెరవలేదు.

అసలు అలా తేల్చని మాట మనకెప్పట్నుంచో ఉందండీ. కలెక్టరు గారొచ్చారు, అత్తగారొచ్చారు, డాక్టరు గారొచ్చారు. మగో ఆడో 'వచ్చారు' అడగదు. ఇందాకట్నుంచి నేను వాడుతున్నది అదే, కథ ఎక్కడా ఆగలేదు కదా? సాటివాళ్ళని అలా అంటే దూరం పెట్టినట్టుంటుందని నాకూ అనిపించింది. తననే అడిగాను. "దూరంగా ఉన్నా పర్లేదు, తప్పుగా లేకపోతే చాలు" అన్నారు. ఎదురుగా ఉంటే హాయిగా నువ్వు అనండి. ఏరా, ఏమే మాత్రం వద్దు.

మీరు కూడా ఆ సీట్లో కూర్చుని ఇది వింటుంటే, నిద్ర పట్టకపోయినా, పొద్దున ఆఫీసు తలుచుకుంటే కడుపులో తిప్పినా, 14416కి ఫోన్ చేయండి. ప్రభుత్వం నడిపే టెలీ మానస్, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు, రాత్రి రెండింటికైనా సరే.

తనిప్పుడు వేరే ఉద్యోగంలో ఉన్నారు. అక్కడ తలుపు మీద ఏ బొమ్మా లేని, ఒక్కరికే సరిపోయే వాష్‌రూమ్ ఒకటుందట, లోపల గడియతో. మొన్న ఫోన్లో సీసా సంగతి అడిగాను. మధ్యాహ్నానికే ఇంకోసారి నింపుకుంటున్నారట.