గుండెపోటు చికిత్స: మంచం నుంచి బెలూన్ దాకా

(తెరపై: పాత ఆస్పత్రి వార్డు, వరుసగా మంచాలు)

1950ల ఆరంభంలో గుండెపోటుకు చికిత్స అంటే ముఖ్యంగా మంచమే. నాలుగు నుంచి ఆరు వారాలు కదలకూడదు, చాలాచోట్ల భోజనం కూడా నర్సే తినిపించాలి. కదిలితే దెబ్బతిన్న కండరం చిట్లుతుందని వైద్యుల భయం. తీరా ఆ పడకే కాళ్ల సిరల్లో రక్తం గడ్డకట్టించేది. ఆ గడ్డ ఊపిరితిత్తులకు చేరి కొందరి ప్రాణం తీసేది. ఆస్పత్రిలో చేరిన ప్రతి పదిమందిలో దాదాపు ముగ్గురు చనిపోయేవారు. 1952లో అమెరికా వైద్యులు లెవైన్, లౌన్ రోగులను కుర్చీలో కూర్చోబెట్టడమే అప్పటికి సాహసం.

(తెరపై: ఈసీజీ గీత ఒక్కసారిగా చిందరవందర అవుతుంది)

ఈ గీత చూడండి. గుండె కింది గదులు కొట్టుకోవడం మాని వణుకుతున్నాయి. ఇదే వెంట్రిక్యులర్ ఫిబ్రిలేషన్. రక్తప్రసరణ ఆగిపోతుంది, నిమిషాల్లో మరణం. దీన్ని విద్యుత్ షాక్‌తో సరిచేయవచ్చని 1950ల చివరికే తెలుసు. కానీ యంత్రం ఒకచోట, రోగి మరోచోట. ఎవరైనా గమనించేసరికే అంతా అయిపోయేది. 1961లో ఎడిన్‌బరోకు చెందిన డెస్మండ్ జూలియన్ ఒక సూచన చేశారు: రోగులందరినీ ఒకేచోట ఉంచండి, ఈసీజీని నిరంతరం గమనించండి, సిబ్బందికి ఛాతీని నొక్కి చేసే గుండె మసాజ్ నేర్పండి. గుండెపోటు రోగుల ప్రత్యేక వార్డులు, అంటే కరోనరీ కేర్ యూనిట్లు, అలా పుట్టాయి. తర్వాతి ఏళ్లలో, డాక్టరు కోసం ఎదురుచూడకుండా షాక్ ఇచ్చే అధికారం నర్సులకూ దక్కింది. ఆస్పత్రి మరణాలు దాదాపు సగానికి తగ్గాయి. కొత్త మందు ఒక్కటీ లేదు, మంచాల అమరిక మారింది, అధికారం చేతులు మారింది. ఈ కథలో నాకు అన్నిటికన్నా నచ్చిన మలుపు ఇదే.

ఇక మిగిలింది అసలు దోషి, గుండెకు రక్తం తెచ్చే నాళాన్ని మూసేసే గడ్డ. దాన్ని కరిగించే స్ట్రెప్టోకైనేజ్ ఇంజెక్షన్ ప్రాణాలు నిలుపుతుందని 1986లో ఇటలీ అధ్యయనం తేల్చింది. రెండేళ్లకు 17,187 మందితో జరిగిన ఐసిస్-2 అనే అధ్యయనం ఫలితాలు వచ్చాయి. ఆ ఇంజెక్షన్ మరణాలను 25%, చవకైన ఆస్పిరిన్ 23%, రెండూ కలిపి 42% తగ్గించాయి. ఫలితాలను చిన్న చిన్న గుంపులుగా విడగొట్టి చూడటం ఎంత ప్రమాదమో చూపడానికి పరిశోధకులు రోగులను రాశుల వారీగానూ విడదీశారు. మిథున, తుల రాశులవారికి ఆస్పిరిన్ పనిచేయలేదని లెక్క తేలింది! వైద్యశాస్త్రంలో ఇంత చమత్కారం అరుదు.

(తెరపై: మూసుకున్న నాళంలో బెలూన్ విచ్చుకుంటుంది)

తర్వాత, మూసుకున్న నాళాన్ని బెలూన్‌తో తెరిచే యాంజియోప్లాస్టీ వంతు. 2003లో 23 అధ్యయనాలను కలిపి చూస్తే, తొలి వారాల మరణాలు గడ్డ కరిగించే మందుతో 9%, బెలూన్‌తో 7%. అప్పటి నుంచి ఆస్పత్రులది గడియారంతో పోటీ: గుమ్మం దాటిన 90 నిమిషాల్లోగా నాళం తెరవాలి.

అయితే అంకెలను చూసి మురిసిపోయే ముందు ఒక మాట. 2000లో గుండెపోటు నిర్వచనమే మారింది. గుండె కండరం దెబ్బతింటే రక్తంలోకి వచ్చే ట్రోపోనిన్ అనే ప్రొటీన్‌ను పట్టే పరీక్షతో, ఇదివరకు లెక్కలోకి రాని చిన్న పోట్లూ చేరాయి. తేలికపాటి కేసులు పెరిగితే మరణాల శాతం దానంతటదే తగ్గుతుంది. పైగా వారాల బస రోజులకు కుదించుకుపోయింది. ఇంటికెళ్లాక పోయినవారు ఆస్పత్రి లెక్కలో ఉండరు. అందుకే 30 రోజుల మరణాలను పోల్చడం మేలు.

గుండె రక్తాన్ని నెట్టలేక కుప్పకూలే కార్డియోజెనిక్ షాక్ మాత్రం ఇంకా లొంగలేదు. 1999 నాటి అధ్యయనంలో మొదట మందులతో చికిత్స పొందినవారిలో ఆరు నెలలకు 63% మంది మరణించారు. వెంటనే నాళాలు తెరిచినవారిలోనూ సగం మంది దక్కలేదు.